పదిహేను డిగ్రీల ఆనవాలు

లారీ సైలెన్సర్ లోంచి నల్లపొగ వస్తే డ్రైవరు పెద్దగా కంగారుపడడు. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే మాత్రం బండి పక్కకు తీస్తాడు. ఆ పొగకు తియ్యటి వాసన కూడా తోడైతే ఇంజన్ ఆపేయాల్సిందే. ఆ తీపి కూలెంటుది. ఇంజన్ చుట్టూ తిరిగి దాన్ని చల్లబరచాల్సిన ద్రవం దారి తప్పి లోపలికి చేరి కాలిపోతోందని అర్థం.

2003 తర్వాత కొన్నేళ్లపాటు అమెరికాలో ఈ తియ్యటి తెల్లపొగ చూసి కుంగిపోయినవాళ్లు ఎందరో. గుర్రాల ట్రైలర్ లాగే రైతులు, ఇటుకలూ సిమెంటూ మోసే కాంట్రాక్టర్లు, అంబులెన్సులు నడిపేవాళ్లు. అందరి బండ్లలోనూ ఒకటే ఇంజన్. విడిభాగాలు మార్చారు, బిల్లులు కట్టారు, కొన్ని నెలలకు అదే పొగతో మళ్లీ షెడ్డుకు వచ్చారు. అసలు కారణం దొరకడానికి చాలాకాలం పట్టింది. అది దొరికిన తీరు తెలుసుకోవడం రిపేరు పని చేసే ప్రతి ఒక్కరికీ అవసరమని నా నమ్మకం. అందుకే ఆ ఆనవాళ్లను దొరికిన వరుసలోనే పేరుస్తున్నాను.

ఆ ఇంజన్

దాని పేరు 6.0 లీటర్ పవర్ స్ట్రోక్. బండి ఫోర్డ్‌ది, ఇంజన్ తయారుచేసి ఇచ్చింది నావిస్టార్. అదే ఇంజన్‌ను నావిస్టార్ తన సొంత ట్రక్కుల్లో వీటీ365 అనే పేరుతో వాడుకుంది. ఎనిమిది సిలిండర్లు, 32 వాల్వులు, 325 హార్స్‌పవర్. 2003 మోడల్ సూపర్ డ్యూటీ పికప్‌లతో బజారులోకి వచ్చింది. దానికి ముందు అదే బండ్లలో ఉన్న 7.3 లీటర్ ఇంజన్ లక్షల మైళ్లు తిరిగినా మొరాయించదని పేరు తెచ్చుకుంది. కొత్తది పాతదానికన్నా చిన్నది, బలం ఎక్కువ, పొగ శుభ్రం.

ఆ శుభ్రత వెనక ఒక కొత్త ఏర్పాటు ఉంది. డీజిల్ మరీ వేడిగా మండితే నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వాటిని తగ్గించాలని 2004 ప్రాంతపు కాలుష్య నిబంధనలు గట్టిగా చెప్పాయి. అందుకని బయటకు పోయే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకే పంపే పద్ధతి పెట్టారు. దాన్నే ఈజీఆర్ అంటారు. ఆ పొగ వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. దాన్ని అలాగే లోపలికి పంపకూడదు కాబట్టి దారిలో ఒక కూలర్ పెట్టి, దాని చుట్టూ కూలెంట్ తిప్పారు. ఈ ఈజీఆర్ కూలర్ పాత 7.3లో లేదు.

మొదటి ఆనవాలు: పొంగిన డబ్బా

బానెట్ ఎత్తగానే కనబడేది కూలెంట్ డబ్బా. మూత చుట్టూ తెల్లటి చార, అన్నం గంజి పొంగి ఎండిపోయినట్టు. లోపల ఒత్తిడి మూత ఆపగలిగినదానికన్నా పెరిగి, కూలెంట్ బయటకు తన్నుకొచ్చిందన్నమాట.

దీనికి మెకానిక్కుల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు హెడ్ గాస్కెట్. సిలిండర్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే ఆ రేకు లీకైతే, మండే వాయువు కూలెంట్‌లోకి చొరబడి డబ్బాను పొంగిస్తుంది. ఆ అనుమానానికి ఆధారమూ ఉంది. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ చుట్టూ హెడ్‌ను పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే. పాత 7.3లో అంతకన్నా ఎక్కువ ఉండేవి. దాంతో గాస్కెట్లు మార్చారు. బోల్టులు తీసేసి వాటి చోట మరింత గట్టి స్టడ్లు బిగించారు. హెడ్ పట్టు నిజంగానే పెరిగింది.

అయినా కొన్ని బండ్లు తిరిగి వచ్చాయి. ఈసారి గాస్కెట్ బాగానే ఉంది, పొగ మాత్రం తెల్లగానే ఉంది. అంటే ఒత్తిడి ఇంకెక్కడో పుడుతోంది. గాస్కెట్ ఆ ఒత్తిడికి బలైంది, అంతే.

రెండో ఆనవాలు: పగిలిన కూలర్

తెల్లపొగ వచ్చిన బండ్లలో ఈజీఆర్ కూలర్ విప్పి చూస్తే చాలావాటిలో లోపల చీలిక కనబడింది. ఒకవైపు మంటలాంటి పొగ, మరోవైపు కూలెంట్, మధ్యలో పలుచని గోడ. ఆ గోడ చీలితే కూలెంట్ పొగదారిలోకి పడి, అక్కడి నుంచి ఇంజన్ పీల్చే గాలిలో కలుస్తుంది. తియ్యటి వాసన వచ్చే దారి ఇదే. మరీ ఎక్కువ కూలెంట్ సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ పైకి లేవలేదు. ద్రవం గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇక్కడ చాలామంది కేసు తేలిపోయిందనుకున్నారు. కూలర్ డిజైన్ బాగాలేదు, మార్చేద్దాం అన్నారు. కొత్తది బిగించారు. కొన్ని బండ్లలో అదీ చీలింది. కొత్త కూలరుకు పుట్టుకతో లోపం ఉండొచ్చు. కానీ ఒకే బండిలో వరసగా రెండు పగిలితే, కూలర్‌ను వదిలి దానికి నీళ్లిచ్చేదెవరో చూడాలి.

మూడో ఆనవాలు: వరుసలో ముందున్నది

పొలంలో చివరి మడి ఎండితే రైతు ఆ మడిని తిట్టడు. కాలువ వెంట వెనక్కి నడిచి, నీరు ఎక్కడ ఆగిందో చూస్తాడు. ఇంజన్‌లోనూ చేయాల్సింది అదే.

ఈ ఇంజన్‌లో వాటర్ పంపు నెట్టిన కూలెంట్ రకరకాల దారుల్లో పోతుంది. ఈజీఆర్ కూలర్‌కు పోయే పాయ మాత్రం ముందుగా ఆయిల్ కూలర్ గుండా దూరి వెళ్లాలి. దానికి వేరే దారి లేదు. ఆయిల్ కూలర్‌లో దారి సన్నబడితే ఈజీఆర్ కూలర్‌కు కూలెంట్ కరువవుతుంది. వచ్చిన కాస్తా అక్కడి వేడికి మరిగి ఆవిరవుతుంది. ఆవిరి ఒత్తిడిని పెంచుతుంది. ఎండిన గోడ ఒకసారి కాగుతూ, ఒకసారి చల్లబడుతూ చివరకు చీలుతుంది.

ఆయిల్ కూలర్ ఎక్కడుందంటే, వి ఆకారంలో ఉన్న రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో, ఆయిల్ ఫిల్టర్ కింద. దాన్ని బయటకు తీయాలంటే టర్బో విప్పాలి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి. మామూలు తనిఖీలో అది కంటికి కనబడదు. అందుకే అంతకాలం అనుమానం దాని మీదికి పోలేదు.

నాలుగో ఆనవాలు: రెండు వేడిమి అంకెలు

విప్పకుండానే ఆయిల్ కూలర్ సంగతి తెలుసుకునే ఉపాయం ఒకటి దొరికింది. ఈ కథంతటిలో నాకు బాగా నచ్చిన మలుపు ఇదే.

డాష్‌బోర్డులో కూలెంట్ వేడి చూపే ముల్లు ఉంది. చాలా బండ్లలో అది నడిమధ్యే నిలబడి ఉండేది. అంతా బాగుందని డ్రైవరు నిశ్చింతగా ఉండేవాడు. కానీ ఇంజన్ కంప్యూటర్ మరో అంకె కూడా నమోదు చేస్తుంది: ఆయిల్ వేడి. అది డాష్‌బోర్డు మీదికి రాదు. చిన్న స్కానర్ తగిలిస్తేనే కనబడుతుంది.

ఆయిల్ కూలర్ చేసే పనల్లా ఆయిల్ వేడిని కూలెంట్‌కు అప్పగించడం. అది సరిగా పనిచేస్తే రెండింటి వేడీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఇంజన్ పూర్తిగా కాగాక, చదునైన హైవే మీద, గంటకు 65 మైళ్ల నిలకడ వేగంతో పోతూ చూడాలి. ఆయిల్ వేడి కూలెంట్ వేడికన్నా 15 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించి ఎక్కువుండకూడదు. మన లెక్కలో అది సుమారు 8 డిగ్రీల సెల్సియస్. తేడా 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిందంటే కూలర్ మూసుకుపోవడం మొదలైనట్టు. 30 దగ్గరికి వచ్చిందంటే ఈజీఆర్ కూలర్ ప్రాణం మీదికి వచ్చినట్టే.

పైగా ఈ ఇంజన్‌లో ఆయిల్ పని కదిలే భాగాలను తడపడంతో అయిపోదు. ఇంజెక్టర్లు డీజిల్‌ను చిమ్మేది కూడా ఆ ఆయిల్ ఒత్తిడితోనే. ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 3,000 పౌండ్లు దాటుతుంది. ఆయిల్ కాగి పలచబడితే ఆ దెబ్బ ఇంజెక్టర్ల మీదా పడుతుంది.

ఆ రెండు అంకెల తేడా పట్టుకున్నాక కేసు తిరిగింది. పొగ రాకముందే, డబ్బా పొంగకముందే, రాబోయే జబ్బును చెప్పగలిగే నాడి దొరికింది.

అయిదో ఆనవాలు: కోసి చూసిన పలకలు

ఆయిల్ కూలర్ అంటే పలుచటి లోహపు పలకల దొంతర. ఒక అరలో ఆయిల్, మరుసటి అరలో కూలెంట్, మళ్లీ ఆయిల్, అలా పేర్చి అతుకుపెట్టేస్తారు. సందులు మిల్లీమీటర్ల లెక్క. విప్పి కడగడానికి లేదు, రంపంతో కోస్తేనే లోపలేముందో తెలుస్తుంది.

కోసినవాళ్లకు ఆయిల్ అరలు చాలావరకు శుభ్రంగా కనబడ్డాయి. కూలెంట్ వచ్చే వైపు సందుల్లో మాత్రం బూడిద, గోధుమ రంగులు కలిసిన బురద మెత్తింది. వేళ్ల మధ్య నలిపితే పైపైన జిగట, లోపల గరుకు. నీళ్లలో వేసి కలిపి కాసేపు వదిలేస్తే జిగట తేలి మసకగా నిలుస్తుంది, గరుకు అడుక్కి చేరుతుంది. వేలి కొనతో అద్ది వెలుతురులో పట్టుకుంటే చిన్న చిన్న గింజలు మెరుస్తాయి.

మెకానిక్కుల మధ్య అసలు వాదం ఇక్కడ మొదలైంది. ఈ బురద ఏమిటి?

ముగ్గురు నిందితులు

మొదటి అనుమానం తుప్పు మీద. ఇంజన్ బ్లాకు పోత ఇనుము. కూలెంట్ పాతబడితే ఇనుము తుప్పు పడుతుంది. దీనికి పరీక్ష అయస్కాంతం. ఎండబెట్టిన పొడిమీద తిప్పితే కొంత అంటుకుంటుంది, చాలా గింజలు అంటుకోవు. తుప్పు ఉంది కానీ అంతా తుప్పు కాదు.

రెండో అనుమానం కూలెంట్ మీద. ఫోర్డ్ ఈ బండ్లకు చెప్పింది బంగారు రంగు కూలెంట్. లోహం తుప్పు పట్టకుండా అందులో సిలికేట్లు కలుపుతారు. వేడి మరీ పెరిగితే ఆ సిలికేట్లు ద్రవంలోంచి విడిపోయి జిగురు ముద్ద అవుతాయి. ఆ జిగట ఎక్కడిదో దీంతో తేలింది. గరుకు ఎక్కడిదో తేలలేదు. జిగురు ముద్దలో గాజులా మెరిసే గట్టి గింజలుండవు.

మూడో అనుమానం ఇసుక మీద. ఆ గింజలు అయస్కాంతానికి అంటవు, మామూలు ఆమ్లాల్లో కరగవు. పరిమాణం సుమారు పావు మిల్లీమీటరు. పోత అచ్చులు చేయడానికి ఫౌండ్రీల్లో వాడే సిలికా ఇసుక గింజలదీ ఇంచుమించు అదే పరిమాణం. అయితే మూత బిగించి ఉన్న కూలింగ్ వ్యవస్థలోకి ఇసుక ఎలా వస్తుంది? రోడ్డు దుమ్ము పోయే దారి లేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఇసుక బయటి నుంచి రాలేదు. ఇంజన్ పుట్టినప్పుడే లోపల ఉంది.

పోత పోసిన రోజు

గంట పోసే కంచరిని చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. గంట బయటి రూపానికి ఒక అచ్చు, లోపలి ఖాళీకి ఒక మట్టి ముద్ద. కరిగిన కంచు రెండింటి మధ్య పోస్తారు. చల్లారాక మట్టి రాల్చేస్తే లోపలి ఖాళీ మిగులుతుంది.

ఇంజన్ బ్లాకూ అంతే. ఎనిమిది సిలిండర్ల చుట్టూ కూలెంట్ తిరగాల్సిన దారులన్నీ ఖాళీలే. వాటి ఆకారంలో ఇసుకను రెసిన్ జిగురుతో గట్టిపరిచి పెడతారు. దాన్నే కోర్ అంటారు. సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్న ఇనుము దాని చుట్టూ పోస్తారు. ఆ వేడికి జిగురు కాలిపోతుంది, ఇసుక పట్టు సడలుతుంది. చల్లారాక బ్లాకును కుదిపి, ఇనుప గుళ్లు కొట్టించి, గాలి ఊది ఆ ఇసుకను బయటికి తీస్తారు.

ఇసుక అంతా అంత తేలిగ్గా రాదు. ఆ ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన స్ఫటిక రూపం మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. దాంతో కోర్‌లో పగుళ్లు పడతాయి. ఇనుము ఆ పగుళ్లలోకి దూరి పలుచటి రెక్కల్లా గడ్డకడుతుంది. ఆ రెక్కల మూలల్లో ఇసుక చిక్కుకుంటుంది. కొన్నిచోట్ల ఇనుము ఇసుక గింజల మధ్యకే చొరబడి వాటిని గోడకు కరిపించుకుంటుంది. నీటిదారులు వంకర్లు తిరిగి ఉంటాయి, కంటిచూపు అందని మూలలెన్నో ఉంటాయి.

ఇంజన్ బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్లలు కనబడతాయి. నీళ్లు గడ్డకట్టినప్పుడు బ్లాకు పగలకుండా పెట్టిన మూతలని చాలామంది అనుకుంటారు. వాటి అసలు పేరు కోర్ ప్లగ్‌లు. కోర్‌ను నిలబెట్టడానికీ, పోత పూర్తయ్యాక దాని ఇసుకను బయటికి తీయడానికీ ఉంచిన కంతల మీది మూతలవి. ఇసుక పోవాల్సిన దారి అదే. అక్కడ పోనిది ఇంజన్‌తోపాటే బండెక్కింది.

తర్వాత ఇంజన్ వేల గంటలు అదురుతుంది, కాగుతుంది, చల్లబడుతుంది. గోడకు కరిచిన గింజలు ఒక్కొక్కటే ఊడి కూలెంట్‌లో కలుస్తాయి. బండి కొన్నప్పుడు బాగుండి కొన్నివేల మైళ్ల తర్వాతే జబ్బు బయటపడటానికి కారణం ఇదే.

పాత ఇంజన్‌కు ఈ జబ్బు ఎందుకు రాలేదు?

ఇక్కడో న్యాయమైన ప్రశ్న ఉంది. పాత 7.3 బ్లాకు కూడా ఇసుక అచ్చుల్లో పోసిందే. లారీ ఇంజన్ బ్లాకులు దాదాపు అన్నీ అలా పుట్టినవే. మరి దానికెందుకు రాలేదు?

ఎందుకంటే 7.3 ఆయిల్ కూలర్ గొట్టాల కట్ట. దారులు విశాలం. నాలుగు గింజలు కొట్టుకొచ్చినా దాటిపోయి ఎక్కడో అడుగున పడి ఉంటాయి. దాని తర్వాత వరుసలో ఈజీఆర్ కూలర్ లేదు కాబట్టి ప్రవాహం కాస్త తగ్గినా పగిలేది ఏమీ లేదు. 6.0లో సన్నటి పలకల దొంతర పెట్టారు. చిన్న చోటులో ఎక్కువ వేడి లాగడానికి అది మంచి ఉపాయమే. కానీ సన్నటి సందులు పెట్టినప్పుడు వాటి ముందు జల్లెడ ఒకటి పెట్టాలి. అది పెట్టలేదు. దాంతో కూలరే జల్లెడ అయింది.

నాకు అర్థమైనంతలో జరిగిన వరుస ఇది. ముందు ఇసుక గింజలు సందుల మొదట్లో చిక్కుకున్నాయి. ప్రవాహం తగ్గింది. అక్కడి కూలెంట్ ఎక్కువ కాగింది. కాగిన కూలెంట్‌లోంచి సిలికేట్లు విడివడి జిగురయ్యాయి. జిగురు ఇసుకను, తుప్పును కలిపి పట్టేసింది. ఇసుకా, కూలెంటా అని ఏళ్లపాటు వాదించుకున్న రెండు వర్గాలూ నిజంలో చెరో సగం పట్టుకున్నాయి. ఒకటి రాయి, ఒకటి సున్నం. గోడ కట్టింది రెండూ కలిసే.

ఫిల్టర్ చెప్పిన సాక్ష్యం

ఇసుక మాటను బలపరిచిన సాక్ష్యం మరొకటి ఉంది. కొందరు యజమానులు కూలెంట్ దారిలో పక్కగా ఒక ఫిల్టర్ తగిలించుకున్నారు. ఆయిల్ ఫిల్టర్‌లాంటి డబ్బానే. మొత్తం కూలెంట్‌లో కొద్ది పాయ మాత్రమే దాని గుండా పోతుంది కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది.

కొన్ని వారాల తర్వాత ఆ డబ్బా విప్పి, కత్తితో రేకు కోసి, లోపలి కాగితపు మడతలు ఒక్కొక్కటే విప్పి తెల్లటి పళ్లెంలో దులిపారు. మొదటి ఫిల్టర్ మడతల్లో నల్లటి గరుకు చారలు కనబడ్డాయి. రెండోదాంట్లో తగ్గాయి. తర్వాతివాటిలో ఇంకా తగ్గాయి.

అలా తగ్గుతూ పోవడమే సాక్ష్యం. కూలెంట్ చెడిపోయి పుట్టే బురదైతే కూలెంట్ పాతబడేకొద్దీ పెరగాలి. తుప్పయితే ఆగకుండా వస్తూనే ఉండాలి. రాను రాను తరిగిపోతోందంటే అది కొత్తగా పుట్టేది కాదు. ఒకసారి లోపల మిగిలిపోయి, అయిపోయేదాకా వచ్చేది.

దీంతో రిపేరు తీరూ మారింది. ముందు కూలింగ్ వ్యవస్థను మందు పోసి కడగాలి. తర్వాత కొత్త ఆయిల్ కూలర్ బిగించాలి. సిలికేట్లు లేని, ఎక్కువకాలం నిలిచే కూలెంట్ పోయాలి. ఫిల్టర్ తగిలించాలి. కొత్త కూలర్ బిగించి లోపలి ఇసుకను అలాగే వదిలేస్తే రోగం మళ్లీ మొదటికొస్తుంది.

తీర్పు రాని కోర్టు

కంపెనీల మధ్య కథ వేరే దారిన నడిచింది. వారంటీ ఖర్చుల గురించి 2007 జనవరిలో ఫోర్డ్ నావిస్టార్ మీద కోర్టుకెక్కింది. రెండేళ్ల తర్వాత, 2009 జనవరిలో రాజీ కుదిరింది. 2011 మోడల్ నుంచి ఫోర్డ్ తన సొంత 6.7 లీటర్ డీజిల్ ఇంజన్‌తో ముందుకు సాగింది. యజమానులు ఫోర్డ్ మీద వేసిన ఉమ్మడి దావా కూడా 2013లో రాజీతోనే ముగిసింది. కొందరికి రిపేరు ఖర్చులో కొంత తిరిగి వచ్చింది. ఇసుక తప్పు ఎవరిదో తేల్చే తీర్పు మాత్రం ఆ రాజీల్లో లేదు. జబ్బుకు అసలు కారణాన్ని తేల్చింది షెడ్లలో చేతులకు గ్రీజు అంటిన మనుషులు. ఒకరు కూలర్ కోశారు, ఒకరు రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్నారు, ఒకరు ఫిల్టర్ మడతలు దులిపారు. చూసినది దాచుకోకుండా పక్కవాడికి చెప్పారు.

తయారీలో మిగిలే చెత్త గొడవ అక్కడితో ఆగిపోలేదు. 2024 మేలో టయోటా సుమారు 1,02,000 టండ్రా పికప్‌లనూ, లెక్సస్ ఎల్‌ఎక్స్ బండ్లనూ వెనక్కి పిలిచింది. అక్కడి చెత్త ఇసుక కాదు, ఇంజన్‌లో మిగిలిన మెషీనింగ్ తునకలు. దెబ్బ తగిలింది కూలర్‌కు కాదు, క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు. వేరే కంపెనీ, వేరే ఇంజన్. పుట్టిన రోజున శుభ్రం కాని ఇంజన్ ఎక్కడైనా అదే బాకీ వసూలు చేసుకుంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, టెక్సాస్ షెడ్డులోనైనా ఈ కథ నేర్పేది ఒక్కటే. పగిలిన భాగం చేతికి రాగానే కొత్తది తెప్పించే ముందు దాని వరుసలో ఒక అడుగు వెనక్కి వెళ్లాలి. దానికి నీళ్లెవరిస్తున్నారు? ఆ దారి తెరిచి ఉందా? గాస్కెట్ నుంచి ఈజీఆర్ కూలర్‌కు, అక్కడి నుంచి ఆయిల్ కూలర్‌కు, అక్కడి నుంచి ఫౌండ్రీ అచ్చుదాకా ఆ నడక సాగింది. ప్రతి మజిలీలోనూ ఆగిపోవడానికి ఒక సాకు ఉంది. ఆగని వాళ్లకే ఇసుక కనబడింది.

ఆ ఇంజన్లు ఇంకా తిరుగుతున్నాయి. జబ్బు తెలిసిన యజమాని అద్దం పక్కన చిన్న స్కానర్ అతికించుకుంటాడు. హైవే ఎక్కి, వేగం నిలకడగా పట్టాక దానివైపు ఒకసారి చూస్తాడు. కూలెంట్ 194, ఆయిల్ 203. తేడా తొమ్మిది. యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, ట్రైలర్‌తో ముందుకు పోతాడు.